600 లోపే ఉంటే చాలా? మా పురపాలక సంఘానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక సంఘం ఛైర్‌పర్సన్ గారికి, కమిషనర్ గారికి, కౌన్సిల్ సభ్యులందరికీ,



కుళాయి నీళ్ళ గురించి మా వార్డు ఆడవాళ్ళం సంతకాలు పెట్టి ఇచ్చిన అర్జీకి మీ కార్యాలయం నుంచి జవాబు అందింది. ఊరికి వదులుతున్న నీటిలో మొత్తం కాఠిన్యత లీటరుకు 600 మిల్లీగ్రాముల లోపే ఉందట. అది భారత ప్రమాణాల సంస్థ అనుమతించిన పరిమితేనట. కాబట్టి ఫిర్యాదుకు ఆస్కారం లేదట. మంచినీళ్ళ చెరువులో పూడిక తీసే పని ఈ ఏడాదికి వాయిదా వేశామనీ, కాలవ నీళ్ళు చాలని రోజుల్లో బోరు నీళ్ళు కలిపి వదులుతామనీ చివర్లో ఒక ముక్క తగిలించారు. ఎన్ని పాళ్ళు కాలవవి, ఎన్ని పాళ్ళు బోరువి అన్నది మాత్రం రాయలేదు.

ఈ జవాబును నేను ఒప్పుకోలేను. ఎందుకు ఒప్పుకోలేనో మీ గదిలోకొచ్చి చెప్పి పోవచ్చు. కానీ ఆ నీళ్ళతో ఊరంతా వండుకుంటోంది, ఊరంతా ఉతుక్కుంటోంది. అందుకని అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు ఆ 600 సంగతి చూద్దాం. మీరు రాసిన అంకె సరైనదే. దాని పక్కనున్న షరతును వదిలేశారు. తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500ను 2012లో సవరించారు. అందులో మొత్తం కాఠిన్యతకు రెండు గళ్ళున్నాయి. మొదటి గడిలో ఉన్నది 200; ఆమోదించదగిన పరిమితి అదే. రెండో గడిలో 600 ఉంది. ఆ గడి నెత్తిన ఏం రాశారో మీ ఇంజనీరు గారిని చదివి వినిపించమనండి. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే అనుమతించే పరిమితి అని ఉంటుంది. కింద వివరణ కూడా ఇచ్చారు. మొదటి గడి దాటిన నీళ్ళు తగినవి కావనీ, గత్యంతరం లేకపోతే రెండో గడి దాకా సహించవచ్చనీ, అదీ దాటితే ఆ వనరునే వదిలెయ్యాలనీ దాని సారాంశం. 1991 నాటి ప్రతిలో మొదటి గడిలో 300 ఉండేది. 2012కి దాన్ని 200కు దించారు. దేశం బిగిస్తూ వచ్చిన కొలతను మీరు మళ్ళీ వదులు చేసి మాకు చూపిస్తున్నారు.

ఇంకో మాట. 210 కూడా 600 లోపే, 590 కూడా 600 లోపే. ఈ రెండు నీళ్ళకూ మధ్య వంటింట్లో ఎంత తేడా ఉంటుందో మీ ఇళ్ళల్లో అడిగి తెలుసుకోండి. మా వార్డు కుళాయిలో ఏ తేదీన ఎంత వచ్చిందో అంకె చెప్పకుండా ‘లోపే’ అంటే మాకేం తెలుస్తుంది? నేను హైస్కూల్లో భౌతిక రసాయన శాస్త్రాలు చెప్పి రిటైరైన టీచరుని. కాఠిన్యత కొలవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. నీళ్ళలో ఎరియోక్రోమ్ బ్లాక్-టి వేస్తే ద్రాక్షరసం రంగు వస్తుంది. ఆపైన ఇ.డి.టి.ఎ. ద్రావణం చుక్క చుక్కగా పడుతుంటే ఒక దగ్గర నీలంగా తిరుగుతుంది. ఎన్ని చుక్కలకు తిరిగిందో లెక్క కడితే కాఠిన్యత తెలిసిపోతుంది. కాలేజీ ల్యాబుల్లో పిల్లలు చేసే ప్రయోగం ఇది. వారానికోసారి వార్డుకొక సీసా నీళ్ళు పట్టి, వచ్చిన అంకె నోటీసు బోర్డు మీద రాయడానికి ఒక పురపాలక సంఘానికి ఏమిటి అడ్డం?

ఇప్పుడు అసలు ప్రశ్న అడుగుతాను. వేరే వనరు లేని ఊరా మనది?

మన ఊరి మంచినీళ్ళ చెరువుకు సాగర్ కుడి కాలవ నుంచి నీళ్ళొస్తాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళు వదిలారు. పల్నాడు నీటి కరువు అంతకు ముందు ఎలాంటిదో కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈ సీమలో దాహానికి తాళలేక శ్రీనాథుడు శివుడితోనే పేచీ పెట్టుకున్నాడని చాటువులు చెప్పుకునే నేల ఇది. కాలవ వచ్చాకే పప్పు ఎప్పుడు ఉడుకుతుందో నమ్మకంగా చెప్పగలిగామని మా అత్తగారు అనేవారు. ఆ కాలవ ఇప్పటికీ ఉంది. వేసవి ముందు తాగునీటి కోసం వదిలే నీళ్ళు ఇప్పటికీ వస్తున్నాయి. వచ్చినప్పుడు పట్టుకోవాల్సిన చెరువు పూడిపోయి లోతు తగ్గింది. సగం నీళ్ళకే చెరువు నిండిపోయి మిగతా నీళ్ళు దిగువకు పోతున్నాయి. ఆ పూడిక తీయడం మీ పని. దాన్ని వాయిదా వేసింది మీరే, వాయిదా వేసినందువల్ల వచ్చిన కొరతను చూపించి వేరే దారి లేదంటున్నదీ మీరే. ప్రమాణంలోని రెండో గడి వానలు పడని ఊళ్ళకూ, నది అందని ఊళ్ళకూ రాసింది. పని మానుకున్న కార్యాలయాలకు అది వర్తిస్తుందని ఎవరైనా ఎలా అనుకుంటారు?

బోరు నీళ్ళు మన ఊళ్ళో ఎందుకిలా ఉంటాయో మీకు తెలియక కాదు. మన కాళ్ళ కింద ఉన్నది సున్నపురాయి. ఇళ్ళకు పరుచుకునే నాపరాయి అదే, సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునేదీ అదే, పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చేదీ అదే. వాన చుక్క గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొంచెం పులిసి కిందికి దిగుతుంది. దిగుతూ దిగుతూ ఈ రాయిని కరిగించుకుంటుంది. నంద్యాల జిల్లాలో బెలూం గుహలను తొలిచింది కూడా ఇలా సున్నపురాయిని కరిగించిన నీళ్ళే. అలా కరిగిన కాల్షియం, దాంతోపాటు కొంత మెగ్నీషియం మన బోర్లలోంచి పైకొచ్చి కుళాయిల్లో పడుతున్నాయి. అందులో మీ తప్పు లేదు. తెలిసి తెలిసి ఆ నీళ్ళనే ఊరికి ఖాయం చెయ్యడం మీ నిర్ణయం.

ఆ నిర్ణయం ఇళ్ళల్లోకి ఎలా వచ్చిందో చెబుతాను, వినండి.

మూడు కూతలకు మెత్తబడాల్సిన కందిపప్పు ఆరు కూతలు వేసినా పలుకు పలుకుగానే ఉంటోంది. గింజ గోడల్లో ఉండే పెక్టిన్ అనే పదార్థాన్ని కాల్షియం పట్టి బిగించేస్తుంది. అందుకే ఎంత మంట పెట్టినా విచ్చుకోదు. రాత్రంతా నానబెట్టిన శనగలైతే మరీ మొండికేస్తాయి. చిటికెడు వంటసోడా వేస్తే ఉడుకుతుంది, కానీ రుచి మారిపోతుంది, ఇంట్లో బీపీ ఉన్నవాళ్ళకు ఆ సోడియం అక్కర్లేదు. గ్యాసు బండ నెలకు రావాల్సింది నాలుగు రోజుల ముందే ఖాళీ అవుతోందని మా వీధిలో అనని ఇల్లు లేదు. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె పప్పుకు మాత్రం విడిగా టిన్ను నీళ్ళు కొనుక్కొస్తోంది. ఆ డబ్బు ఆమెకు ఏ బిల్లులోనూ రాదు.

టీ పైన మీగడ కాని తెట్టు ఒకటి తేలుతుంది. నీళ్ళు కాచే గిన్నెలో తెల్లటి పొర కడుతుంది; అది కాచిన నీళ్ళలోంచి విడిపోయిన సున్నమే. స్టీలు గ్లాసులు తోమి బోర్లిస్తే ఆరాక మచ్చలు. షవర్ బెజ్జాలు ఒక్కొక్కటే మూసుకుపోయి, నీళ్ళు పక్కకు చిమ్ముతాయి. గీజరు పని చెయ్యడం లేదని మెకానిక్కును పిలిస్తే లోపలి కాయిల్ మీంచి పెంకులు పెంకులుగా సున్నం రాలగొట్టి దోసిట్లో పోసి చూపిస్తాడు. ఆ పెంకు వేడిని నీళ్ళలోకి సరిగ్గా పోనివ్వదు. కాయిల్ లోలోపలే కాగి మాడిపోతుంది. అది మాడేదాకా కరెంటు మీటరు తిరుగుతూనే ఉంటుంది.

సబ్బు లెక్క వేరుగా చెప్పాలి, ఎందుకంటే అది ఎవరూ లెక్క కట్టని ఖర్చు. నీళ్ళలోని కాల్షియం ముందు సబ్బును పట్టుకుని విరగ్గొడుతుంది. నురగ రావడం ఆ తర్వాత. పుస్తకం ప్రకారం 1 గ్రాము కాఠిన్యత సుమారు 6 గ్రాముల సబ్బును వ్యర్థం చేస్తుంది. లీటరుకు 500 మిల్లీగ్రాములున్న నీళ్ళు 20 లీటర్ల బకెట్టులో పట్టారనుకోండి. అందులో 10 గ్రాముల కాఠిన్యత ఉంటుంది. ఆ బకెట్టు మొత్తం నురగ కట్టాలంటే ముందు 60 గ్రాముల సబ్బు బూడిదలో పోసిన పన్నీరే. అదే 200 ఉన్న నీళ్ళకైతే 24 గ్రాములు పోతుంది. ఎవరూ బకెట్టంతా నురగ కట్టించరు, నిజమే. బట్టల పొడుల్లో నీళ్ళను మెత్తబరిచే మందులు కూడా కొంత కలుపుతారు. అయినా నిష్పత్తి నిష్పత్తే. విరిగిన సబ్బు ఎక్కడికీ పోదు. బూడిదరంగు జిడ్డుగా కాలర్ల మీద, తలవెంట్రుకల్లో, బకెట్టు అంచున కూర్చుంటుంది. తెల్ల యూనిఫారం సంక్రాంతి నాటికే పాతగుడ్డలా కనిపిస్తే పిల్లల్ని బడిలో ఎవరేమంటారో మీకు చెప్పాలా? నలుగురిళ్ళల్లో అంట్లు తోమే ఆడవాళ్ళ చేతులు పగిలి నెత్తురు చిమ్మడం చూసి, సబ్బు మార్చుకోమని సలహా ఇచ్చే పెద్దమనుషులున్నారు మనలో. మార్చాల్సింది నీళ్ళు.

తలంటుకు మాత్రం మా ఇంట్లో మళ్ళీ కుంకుడుకాయలే కొట్టుకుంటున్నాం. కుంకుడు పులుసులోని నురగ పదార్థం సబ్బు జాతిది కాదు, కాల్షియం దాన్ని విరగ్గొట్టలేదు. పూర్వం పల్నాటి ఆడవాళ్ళు ఏ రసాయన శాస్త్రం చదవకుండానే సరైన మందు కనిపెట్టారు.

బాత్రూం గచ్చు సంగతి మరీ దారుణం. తెల్లటి చారలు బ్రష్షుకు లొంగవు కాబట్టి కిరాణా కొట్లో సీసాల్లో అమ్మే యాసిడ్ పోసి రుద్దుతున్నారు. చారలు పోతాయి. గచ్చు కూడా పోతుంది, ఎందుకంటే మన ఇళ్ళ నాపరాయి కూడా ఆ చారల జాతిదే, యాసిడ్ తగిలితే రెండూ ఒక్కలాగే పొంగుతాయి. మూసిన గదిలో ఆ పొగ పీలుస్తూ రుద్దేది ఎవరు? అదే గదిలో బ్లీచింగ్ పొడి కూడా చల్లితే యాసిడ్‌తో కలిసి క్లోరిన్ వాయువు పుడుతుంది. ఊపిరితిత్తులను కాల్చే వాయువది. ఈ మాట మీ పారిశుద్ధ్య సిబ్బంది ఇంటింటికీ చెప్పి ఉండాల్సింది. ఇంతవరకూ మా వీధిలోకి వచ్చి చెప్పినవాళ్ళు లేరు. ఈ లేఖ చదివే అక్కచెల్లెళ్ళు ఇదొక్కటీ గుర్తు పెట్టుకోండి: యాసిడ్, బ్లీచింగ్ ఎప్పుడూ కలపకండి. గిన్నెల మీద, షవర్ మీద ఉన్న సున్నానికి నిమ్మ ఉప్పు గానీ చింతపండు రసం గానీ చాలు, ఒక పూట నానబెట్టండి. కుళాయికి తగిలిస్తే సున్నం రాదంటూ అమ్మే అయస్కాంతాలకు డబ్బు తగలేయకండి.

నాకు నచ్చని ఇంకో పని కూడా జరుగుతోంది, అది మన వైపు నుంచే. ఈ నీళ్ళు తాగితే కిడ్నీలో రాళ్ళొస్తాయని మైకుల్లో అరిచేవాళ్ళున్నారు. కాఠిన్యత వల్లే రాళ్ళు వస్తాయని వైద్యశాస్త్రం తేల్చి చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాఠిన్యతకు ఆరోగ్యరీత్యా పరిమితి ఏదీ పెట్టలేదు. కాల్షియం, మెగ్నీషియం ఒంటికి కావాల్సినవే. తామర సంగతి కూడా అంతే: ఇంగ్లండులో తామర ఉన్న పిల్లల ఇళ్ళకు నీటిని మెత్తబరిచే యంత్రాలు బిగించి చూశారు, 2011లో ఫలితాలొచ్చాయి, చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. ఉద్దానం కిడ్నీ జబ్బును తెచ్చి మన కుళాయికి అంటగట్టడం భయపెట్టడమే అవుతుంది. ఆ అరుపులు నేను అరవను.

అయితే ఈ మాట విని మీరు ఊపిరి పీల్చుకోవద్దు. ఆరోగ్యానికి ముప్పు లేకపోతే మీ బాధ్యత తీరినట్టేనా? జనం చావకుండా చూస్తే చాలనుకుంటే పురపాలక సంఘం ఎందుకు, ఆసుపత్రి ఒక్కటుంటే సరిపోదా? పైగా ఇంత రాయిని కరిగించుకొచ్చిన నీళ్ళలో ఇంకేమున్నాయో మీరు చెప్పలేదు. ఫ్లోరైడ్ 1.0 మిల్లీగ్రాము దాటకూడదు, గత్యంతరం లేకపోయినా 1.5 మించకూడదు. నైట్రేటుకు 45 హద్దు, దానికి రెండో గడే లేదు. మన జిల్లాలో బొల్లాపల్లి వైపు ఫ్లోరైడ్ బాధ ఎవరికీ కొత్త కాదు. కొత్తగా వాడకంలోకి తెస్తున్న బోర్లకు ఈ పరీక్షలు చేయించారా? చేయించి ఉంటే కాగితం ఎక్కడ?

ఇక డబ్బు సంగతి. చెరువు పూడిక తీయడం కన్నా మోటారు ఆన్ చెయ్యడం చౌక అని మీ లెక్క. మీ పద్దు వరకు అది నిజం కావచ్చు. మిగిలిందనుకుంటున్న ఆ డబ్బును ఇంటింటికీ చిన్న చిన్న ముక్కలుగా పంచి మా నెత్తిన పెట్టారు. టిన్ను నీళ్ళు 10 రూపాయల నుంచి 20 దాకా ఉన్నాయి. రోజుకు రెండు టిన్నులు కొనే ఇంటికి తక్కువలో తక్కువ నెలకు 600 రూపాయలు. దానికి సబ్బులు కలపండి, గ్యాసు కలపండి, గీజరు కాయిల్ కలపండి. మీరు వసూలు చేసే కుళాయి పన్నును దాని పక్కన పెట్టి చూడండి. మేం పన్ను రెండుసార్లు కడుతున్నాం: ఒకసారి మీకు, ఇంకోసారి టిన్నులు మోసుకొచ్చే ట్రాలీ అబ్బాయికి.

ఆ టిన్ను నీళ్ళు ఆకాశం నుంచి ఊడిపడవు. ఆ ప్లాంటు కూడా మన ఊరి బోరు నీళ్ళనే తోడి, ఆర్వో యంత్రంలోంచి పంపి, కొంత మంచిది చేసి మిగతాది మురుగు కాలవలోకి వదిలేస్తుంది. ఇళ్ళల్లో బిగించుకునే యంత్రాల్లో చాలావాటికి ఒక లీటరు తాగే నీళ్ళ కోసం రెండు మూడు లీటర్లు పారబోయాలి. ఈ వృథాను చూసే 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆర్వో యంత్రాలు కనీసం 60 శాతం నీటిని రాబట్టేలా ఉండాలని చెప్పింది. మీరు చెరువు వదిలి బోరు పట్టుకున్నారు. బోరు నీళ్ళు మింగుడుపడక మేం ప్లాంటుకు పోతున్నాం. ప్లాంటు అదే భూమిలోంచి ఇంకా ఎక్కువ తోడుతోంది. ఐదేళ్ళ తర్వాత ఆ బోర్లు ఎంత లోతుకు దిగుతాయో మీలో ఎవరైనా ఆలోచించారా?

టిన్ను కొనగలిగినవాళ్ళ బాధ ఇది. మా వీధి చివర రేకుల ఇళ్ళల్లో ఉండేవాళ్ళు టిన్ను కొనరు. పండగ రోజు కొంటారు, చుట్టాలొస్తే కొంటారు. మిగతా రోజుల్లో వాళ్ళు తాగేదీ వండుకునేదీ మీరు ‘లోపే’ అన్న నీళ్ళే.

తప్పు ఒక్క మీదే అనడం లేదు. ప్రభుత్వాలే ఈ దారి వేశాయి. 2014లో ఎన్టీఆర్ సుజల పథకం పెట్టి 20 లీటర్లు 2 రూపాయలకు ఇస్తామన్నప్పుడు కుళాయి నీళ్ళు తాగేవి కావని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, దాహం అలాంటిది. కానీ ఇదే దేశంలో ఒడిశాలోని పూరీ పట్టణం 2021 జులైలో కుళాయి నుంచి నేరుగా తాగే నీళ్ళు రోజంతా ఇవ్వడం మొదలుపెట్టింది. అనంతపురం జిల్లాలో 1990ల నడిమి కాలంలోనే సత్యసాయి ట్రస్టు ఏడు వందలకు పైగా ఊళ్ళకు తాగునీరు చేర్చింది. ఉద్దానానికి హిరమండలం జలాశయం నుంచి నీళ్ళు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. వాళ్ళు దూరాల నుంచి పైపులు వేసుకొచ్చారు. మనకు కాలవ ఊరి పక్కనే ఉంది. చెరువులో మట్టి తీయడానికి మనం వెనకాడుతున్నాం!

రాజ్యాంగం గుర్తు చేస్తే మీకు కోపం రావచ్చు, అయినా చేస్తాను. 74వ సవరణ పురపాలక సంఘాలకు అప్పగించిన పనులు పన్నెండో షెడ్యూలులో ఉన్నాయి. అందులో ఐదోది ఇళ్ళకూ, పరిశ్రమలకూ, వ్యాపారాలకూ నీటి సరఫరా. హైదరాబాదు జంట జలాశయాల దగ్గర ఒక ఫ్యాక్టరీ గురించి నడిచిన కేసులో, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ ప్రొఫెసర్ ఎం.వి.నాయుడికీ మధ్య వ్యాజ్యంలో, 2000లో సుప్రీంకోర్టు తాగునీరు పొందడం జీవించే హక్కులో భాగమనీ, శుభ్రమైన తాగునీరు ఇవ్వడం ప్రభుత్వం విధి అనీ చెప్పింది. ఆ తీర్పు పుట్టింది తెలుగు నేల మీద నీళ్ళ గురించే. మన కౌన్సిల్ హాలు దాకా మాత్రం అది రాలేదా?

పూడిక తీసేదాకా ఏం చెయ్యాలి అంటారేమో. దానికీ దారి ఉంది, అదీ మన ఇంటి గుమ్మంలోనే. నీళ్ళలో బైకార్బొనేటు రూపంలో ఉన్న సున్నాన్ని తీసెయ్యడానికి లెక్కగా తడి సున్నం కలపాలి. వినడానికి వింతగా ఉంటుంది, కానీ కలిపిన సున్నం, కరిగి ఉన్న సున్నం రెండూ కలిసి అడుగుకు దిగిపోతాయి. స్కాట్లండు రసాయన శాస్త్రవేత్త థామస్ క్లార్క్ 1841లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. నూట ఎనభై ఏళ్ళ నాటి విద్య. దేశంలో సున్నానికి పేరున్న పిడుగురాళ్ళ మన జిల్లాలోనే ఉంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల రూపంలో ఉన్న కాఠిన్యత సున్నంతో పోదు, దానికి సోడాయాష్ కావాలి. అడుగున చేరే బురదను ఎక్కడ పోయాలో ముందే చూసుకోవాలి. శుద్ధి చేశాక నీటి పి.హెచ్. సరిచెయ్యాలి. ఇవన్నీ ఇంజనీర్లకు తెలిసిన పనులే. మీ ఇంజనీరింగ్ విభాగం ఒక్క అంచనా అయినా తయారు చేసిందా? అమృత్ పథకం రెండో విడత 2021 అక్టోబరులో మొదలైంది, నీటి సరఫరాయే దాని ముఖ్యోద్దేశం. దాని కింద చెరువు కోసం మనం ఏమడిగాం, ఎప్పుడు అడిగాం? అడిగి ఉంటే ఆ ఫైలు ఏ బల్ల మీద ఉంది?

అదీ ఇప్పట్లో కుదరదంటే కనీసం ఒక పని చెయ్యండి. ఏ రోజు కాలవ నీళ్ళు వదులుతున్నారో, ఏ రోజు బోరు నీళ్ళు కలుపుతున్నారో ముందు రోజు సాయంత్రం మైకులో చెప్పండి. పన్ను కట్టకపోతే కుళాయి పీకేస్తామని చెప్పడానికి తిరిగే ఆటో ఉంది కదా, దాంట్లోనే చెప్పించండి. కాలవ నీళ్ళ రోజున పప్పుకూ తాగడానికీ పట్టి పెట్టుకుంటాం. బోరు నీళ్ళ రోజున గచ్చు కడుక్కుంటాం. దీనికి నిధులు అక్కర్లేదు, టెండర్లు అక్కర్లేదు.

కౌన్సిలర్లకు ఒక మాట. మీలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్ళే. కఠిన జలం, మృదు జలం పాఠం మీరు బట్టీపట్టి అప్పజెప్పినవాళ్ళే. ఓట్లకు వచ్చినప్పుడు మా ఇంట్లో టీ తాగారు. అది టిన్ను నీళ్ళతో పెట్టిన టీ. పూడిక పని వాయిదా వేసే తీర్మానం వచ్చినప్పుడు మీలో ఒక్కరైనా లేచి ‘ఎందుకు’ అని అడిగారా? మినిట్స్ పుస్తకంలో మీ అభ్యంతరం నమోదైందా? ఆ పుస్తకం చూడటానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఈ వారమే ఇస్తున్నాను.

మీ నుంచి మాకు కావాల్సింది మరో నాలుగు వాక్యాల జవాబు కాదు. వచ్చే కౌన్సిల్ సమావేశం అజెండాలో చెరువు పూడికతీతను మొదటి అంశంగా పెట్టండి, పని మొదలయ్యే తేదీ తీర్మానంలో రాయండి. ఇప్పుడు వాడుతున్న ప్రతి బోరు నీటి పూర్తి పరీక్ష నివేదికను, కాఠిన్యత, ఫ్లోరైడ్, నైట్రేటు అంకెలతో సహా, కార్యాలయం గోడ మీద అంటించండి. బడులకూ, అంగన్‌వాడీలకూ, ప్రభుత్వాసుపత్రికీ ఏడాది పొడుగునా కాలవ నీళ్ళే వెళ్ళేలా ఏర్పాటు చెయ్యండి. ఇదొక్కటీ వాయిదాకు తగదు. ఊళ్ళోవాళ్ళకు నా మనవి: సమావేశం రోజున వీలైనవాళ్ళు రండి, వచ్చేటప్పుడు మీ ఇంటి కుళాయి నీళ్ళు ఒక సీసాలో పట్టి, పైన వార్డు నంబరు, తేదీ రాసి తీసుకురండి. అన్నీ కలిపి పరీక్షకు పంపిద్దాం. ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఇట్లు,
కుళాయి పన్ను బకాయి లేని
ఒక రిటైర్డ్ సైన్సు టీచరు